ఒక్కసారి పాడిన పాట

ఉద్దేశం

వేదికపై జరిగే సంగీత ప్రదర్శనను డిజిటల్ మిక్సర్ సహాయంతో వేర్వేరు ట్రాకులుగా, లోపం లేకుండా ధ్వనిముద్రణ చేసే విధానాన్ని వివరించడం, మౌఖిక కళలను భద్రపరచడంలో ఆ విధానానికి గల ప్రాధాన్యాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శిల్పం రాతిలో నిలుస్తుంది. చిత్రం గోడ మీదనో గుడ్డ మీదనో నిలుస్తుంది. కావ్యం తాటాకులోనో కాగితంలోనో నిలుస్తుంది. గానం మాత్రం పుట్టిన క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది. విన్నవారి జ్ఞాపకం తప్ప దానికి వేరే నివాసం లేదు. ఆ జ్ఞాపకం కూడా మనిషితోపాటే అంతరిస్తుంది.

ఇందుకు గోదావరి తీరంలోనే నిదర్శనం ఉంది. పదిహేడవ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేసిన కంచర్ల గోపన్న భద్రాచలంలో రామాలయాన్ని నిర్మించి, గోల్కొండ చెరసాలలో మగ్గి, భక్త రామదాసుగా ప్రసిద్ధి పొందాడు. ఆయన కీర్తనలు ఈనాటికీ తెలుగువారి నాలుకలపై ఆడుతున్నాయి. అయితే మనకు దక్కినది ప్రధానంగా ఆ కీర్తనల సాహిత్యం. ఆయన గొంతు ఎటువంటిదో, ఏ పలుకును ఎక్కడ విరిచి పాడేవాడో, ఏ చరణం దగ్గర ఆగేవాడో చెప్పగలవారు లేరు. ఆ కాలంలో ధ్వనిని పట్టి ఉంచే సాధనం లేదు కనుక ఆ నష్టానికి ఎవరినీ తప్పుపట్టలేము. సాధనాలు ఉన్న ఈ కాలంలో అటువంటి నష్టం జరిగితే అది మన అశ్రద్ధ ఫలితమే అవుతుంది.

భద్రాచలానికి సమీపంలోనే గోదావరి ఒడ్డున, ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, మరొకవైపు అడవులు గల ప్రాంతం మణుగూరు. పూర్వం ఖమ్మం జిల్లాలో ఉండిన ఈ మండలం 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఈ మండలంలోని కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలి కళాకారుడు. డోలీలు కోయల వంశచరిత్రలను గానం చేసే కథకులు. గట్టులు, గోత్రాలు, ఇలవేల్పుల పుట్టుక, సమ్మక్క సారలమ్మల వీరగాథ మొదలైనవి వారికి నోటికి వచ్చు. ఇలవేల్పుల కథలను బొమ్మలుగా చిత్రించిన పడిగె అనే గుడ్డ ఎదుట, డోలు మోగుతుండగా వారు గానం చేస్తారు. తరతరాలుగా ఒక నోటి నుంచి మరొక చెవికి అందుతూ వచ్చిన ఈ విద్యకు గుర్తింపుగా భారత ప్రభుత్వం 2022లో రామచంద్రయ్యకు పద్మశ్రీ పురస్కారాన్ని ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. అటువంటి కథకుడు మరణించినప్పుడు ఆయన పాడిన దానిలో ఎవరూ నేర్చుకోనిది, ఎవరూ ముద్రించనిది ఆయనతోనే వెళ్లిపోతుంది.

ధ్వనిముద్రణను కేవలం వినోదసాధనంగా భావించడం తగదని దీనివల్ల తెలుస్తున్నది. అది కూడా ఒక విధమైన గ్రంథ రచనే. గ్రంథంలో పుటలు చిరిగిపోకుండా చూసుకున్నట్లే ధ్వనిముద్రణలో ఒక్క నిమిషమైనా జారిపోకుండా చూసుకోవాలి.

ధ్వనిముద్రణ వికాసం

అమెరికా శాస్త్రవేత్త థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్‌ను కనిపెట్టడంతో మాటను తిరిగి వినే అవకాశం మానవునికి మొదటిసారిగా కలిగింది. 1902లో గ్రామఫోన్ కంపెనీ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను ముద్రించాడు. ఆనాటి పళ్లెంలో సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. విస్తారమైన రాగాలాపనను ఆ చిన్న వ్యవధిలోకి కుదించవలసి వచ్చేది. పాట ముగియగానే ఆమె తన పేరును తానే ప్రకటించేది. విదేశంలో పళ్లెం తయారుచేసేవారు ఆ పాట ఎవరిదో గుర్తించడానికి ఆ ప్రకటన ఉపకరించేదని చెబుతారు.

ఆ కాలంలో గొంతు, వాద్యాలు అన్నీ కలిసి ఒకే ముద్రగా నమోదయ్యేవి. అందులో తబలా ఎక్కువై గొంతు తక్కువైతే తరువాత సరిదిద్దే మార్గం లేదు. ఈ చిక్కును విడదీసినది పలు ట్రాకుల ధ్వనిముద్రణ. అమెరికాలో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు ఈ పద్ధతికి ఆద్యులలో ఒకడు. ఆయన కోసం ఆంపెక్స్ సంస్థ 1957లో ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని తయారుచేసి ఇచ్చింది. ఒకే టేపు మీద ఎనిమిది వరుసలలో ఎనిమిది ధ్వనులు విడివిడిగా నిలిచాయి. ఒకనాడు పెద్ద స్టూడియోలకే పరిమితమైన ఈ సౌకర్యం డిజిటల్ మిక్సర్ల రాకతో ఊరి వేదిక దాకా వచ్చింది. 2012లో బెరింగర్ సంస్థ తెచ్చిన ఎక్స్32 వంటి మిక్సర్లు ఒక్క యూఎస్‌బీ తీగ ద్వారా 32 ధ్వనులను విడివిడిగా కంప్యూటరుకు పంపగలిగాయి.

మిక్సర్ పనితీరు

మణుగూరు వంటి చోట ఒక డోలి కథాగానం జరుగుతున్నదనుకుందాం. ప్రధాన కథకునికి ఒక మైకు, వంత పాడే ఇద్దరికి రెండు, రెండు డోళ్లకు ఇరువైపుల ముఖాల దగ్గర నాలుగు, కంచుతాళానికి ఒకటి, ప్రేక్షకుల స్పందనను, ఆవరణలోని ప్రతిధ్వనిని గ్రహించడానికి రెండు, మొత్తం పది మైకులు. ఒక్కొక్క మైకు నుంచి వచ్చే సూక్ష్మమైన విద్యుత్ సంకేతం మిక్సర్‌లోని ఒక్కొక్క ఛానెల్‌లో ప్రవేశిస్తుంది. అక్కడ దానిని మొదట పెంచుతారు. ఈ పెంపునే గెయిన్ అంటారు. పెరిగిన సంకేతాన్ని మిక్సర్ అంకెలుగా మారుస్తుంది. ఆ తరువాత స్వరంలోని హెచ్చుతగ్గులను దిద్దే భాగం, చివరకు చేతితో జరిపే ఫేడర్ వస్తాయి. ఫేడర్ దాటిన ధ్వనులన్నీ కలిసి ప్రేక్షకుల ముందున్న స్పీకర్లకు చేరుతాయి.

ధ్వనిముద్రణకు సంకేతాన్ని ఎక్కడ గ్రహించాలన్నది ముఖ్యమైన ప్రశ్న. ప్రేక్షకుల కోసం మిక్సర్ ముందు కూర్చున్న నిపుణుడు కథ నడుస్తున్నంతసేపూ ఫేడర్లను పైకీ కిందికీ జరుపుతూనే ఉంటాడు. డోలు స్వతహాగానే గట్టిగా వినిపించే చిన్న ఆవరణలో దాని ఫేడర్‌ను దాదాపు పూర్తిగా దించివేయవచ్చు. అది అక్కడ కూర్చున్నవారికి సరిపోతుంది కాని, అదే ముద్రలోకి వెళితే రేపు వినేవారికి డోలు వినబడదు. అందువల్ల గెయిన్ తరువాత, దిద్దుబాటుకూ ఫేడర్‌కూ ముందే సంకేతాన్ని రికార్డర్‌కు పంపాలి. అప్పుడు వేదిక దగ్గర జరిగే మార్పులు ముద్రను తాకవు. పది ధ్వనులు పది ట్రాకులలో స్వచ్ఛంగా నిలుస్తాయి. వాటిని తరువాత తీరికగా సమన్వయం చేసుకోవచ్చు.

అయితే పలు ట్రాకుల పద్ధతి ధ్వనులను సంపూర్ణంగా వేరు చేస్తుందని అనుకోరాదు. కథకుని మైకులో పక్కనున్న డోలు కొంత వినిపించక తప్పదు. మైకును నోటికి దగ్గరగా ఉంచడం, డోలు ముఖం కథకుని మైకు వైపు తిరగకుండా చూడడం వంటి పాత ఉపాయాలే ఇందుకు ఇప్పటికీ మందు.

అంకెలలో ధ్వని

మానవుని చెవి గరిష్ఠంగా సెకనుకు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక తరంగాన్ని తిరిగి నిర్మించాలంటే దానిలోని అత్యధిక కంపన సంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలని నైక్విస్ట్, షానన్ అనే శాస్త్రవేత్తల సిద్ధాంతం చెబుతున్నది. అందువల్ల డిజిటల్ మిక్సర్లు సాధారణంగా సెకనుకు 48,000 సార్లు ధ్వనిని కొలుస్తాయి. ప్రతి కొలతను 24 బిట్లలో రాస్తాయి. ఒక్కొక్క బిట్టుకు సుమారు 6 డెసిబెల్ల చొప్పున, 24 బిట్లకు సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్ల విస్తృతి లభిస్తుంది. గుసగుస మొదలు డోలు దెబ్బ వరకు అన్నీ అందులో ఇముడుతాయి.

ఈ విస్తృతి వల్ల ఒక మేలు ఉంది. పాత టేపులో ధ్వని స్థాయి తక్కువైతే బుస శబ్దంలో మునిగిపోయేది కనుక వీలైనంత పెంచి ముద్రించేవారు. 24 బిట్ల ముద్రణలో ఆ తొందర అవసరం లేదు. డిజిటల్ కొలబద్దలో 0 డెసిబెల్ పైగీత. ఆ గీత దాటిన తరంగపు శిఖరం కోసుకుపోతుంది. కోసుకుపోయిన శిఖరాన్ని పూర్తిగా తిరిగి తెచ్చే ఉపాయం లేదు. అందుచేత సగటు స్థాయి ఆ గీతకు సుమారు 18 డెసిబెల్లు కిందుగా, డోలు దెబ్బ వంటి శిఖరాలు కనీసం 6 నుంచి 10 డెసిబెల్లు కిందుగా ఉండేటట్లు గెయిన్‌ను నిర్ణయించాలి. పరీక్ష సమయంలో మెల్లగా పాడిన కథకుడే వీరఘట్టం వచ్చినప్పుడు గొంతెత్తుతాడు. ఆ ఆవేశానికి చోటు ముందే ఉంచాలి. కథ మొదలైన తరువాత గెయిన్‌ను కదిలిస్తే ఆ మార్పు ముద్రలోకి కూడా వెళుతుంది కనుక దానిని ముట్టుకోకపోవడం మంచిది.

నిల్వకు కావలసిన చోటును కూడా ముందే లెక్కించుకోవాలి. 48,000 కొలతలను 24 బిట్లతో గుణిస్తే ఒక ట్రాకుకు సెకనుకు 1,44,000 బైట్లు. పది ట్రాకులకు 14,40,000 బైట్లు. మూడు గంటల కార్యక్రమానికి సుమారు 15.5 గిగాబైట్లు, రాత్రంతా ఎనిమిది గంటలు సాగే కథాగానానికి సుమారు 41.5 గిగాబైట్లు అవసరమవుతాయి. 32 గిగాబైట్ల కార్డుతో జాతరకు వెళ్లినవారికి తెల్లవారుజామున కథ కీలకఘట్టానికి వచ్చేసరికి కార్డు నిండిపోతుంది. మరొక చిక్కు కూడా ఉంది. సాధారణ వేవ్ దస్త్రం పరిమాణం 4 గిగాబైట్లను మించదు. పది ట్రాకులనూ ఒకే దస్త్రంలో రాస్తే సుమారు 50 నిమిషాలకే ఆ హద్దు వస్తుంది. మంచి రికార్డర్లు వెంటనే తరువాతి దస్త్రాన్ని ప్రారంభించి కొనసాగిస్తాయి. నకలు తీసుకునేటప్పుడు ఆ భాగాలలో ఏ ఒక్కటీ మరచిపోకుండా వరుస చూసుకోవాలి.

భంగపడే చోట్లు

ధ్వనిముద్రణ ఎక్కువగా చెడిపోయేది చిన్న కారణాల వల్లనే. కంప్యూటరు మధ్యలో నిద్రావస్థకు వెళ్లడం, తనంతట తాను కొత్త ప్రోగ్రాములను దించుకోవడం మొదలుపెట్టడం, యూఎస్‌బీ తీగ ఎవరి కాలికో తగిలి ఊడిపోవడం, కార్డు వేగం చాలకపోవడం, విద్యుత్తు ఒక్క క్షణం పోయిరావడం వంటివి అందులో ముఖ్యమైనవి. అసలు ముద్రణ మీటను నొక్కకుండా నొక్కామనుకోవడం కూడా అరుదు కాదు. విద్యుత్తు హఠాత్తుగా పోతే అప్పటిదాకా రాసిన దస్త్రం సక్రమంగా మూయబడక, తెరిచినప్పుడు ఖాళీగా కనిపించవచ్చు. రెండు డిజిటల్ పరికరాలను కలిపినప్పుడు అవి వేర్వేరు గడియారాలను అనుసరిస్తే ముద్రలో టకటకమనే శబ్దాలు చొరబడతాయి. వాటిలో ఒకదానిని యజమానిగా, రెండవదానిని అనుచరునిగా నిర్ణయించాలి.

వీటికి నివారణోపాయాలు ఉన్నాయి. కార్డును రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయాలి. ముద్రణకు వాడే కంప్యూటరులో నిద్రావస్థను, స్వయంచాలక మార్పులను, వైఫైని ఆపివేయాలి. ముద్రణ మాత్రమే చేస్తున్నప్పుడు క్షణంలో కొద్దిభాగం ఆలస్యం వల్ల నష్టం లేదు కనుక తాత్కాలిక నిల్వ అయిన బఫర్‌ను పెద్దదిగా ఉంచుకోవాలి. మిక్సర్‌కూ రికార్డర్‌కూ యూపీఎస్ అమర్చాలి. కరెంటు నుంచి జనరేటర్‌కు మారే క్షణంలో అదే ఆదుకుంటుంది. కార్యక్రమానికి ముందురోజు అన్ని ట్రాకులతో, పూర్తి నిడివికి ఒక పరీక్షా ముద్రణ చేసి విని చూడాలి. ఐదు నిమిషాల పరీక్షలో బయటపడని లోపం మూడవ గంటలో బయటపడుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైన నియమం ఒకటుంది. ఏ ఒక్క మార్గాన్నీ పూర్తిగా నమ్మరాదు. మిక్సర్‌లోని కార్డు మీద ఒక ముద్ర, యూఎస్‌బీ ద్వారా కంప్యూటరులో మరొక ముద్ర ఏకకాలంలో సాగాలి. అయినా అవి రెండూ ఒకే బావి నీటిని రెండు కుండలలో పట్టినట్టివే. మిక్సరే ఆగిపోతే రెండు కుండలూ ఖాళీ. కాబట్టి సొంత మైకులు, సొంత బ్యాటరీలు గల చిన్న రికార్డర్ నొకదానిని మిక్సర్‌తో సంబంధం లేకుండా వేదిక ఎదుట విడిగా నడపాలి. దాని ముద్రలో ట్రాకులు వేరుగా ఉండవు. కాని, కథ మొత్తం ఉంటుంది. లోపమున్న ముద్ర కంటె అసలు లేని ముద్ర పెద్ద నష్టం కదా!

కార్యక్రమానికి కనీసం పది నిమిషాల ముందే ముద్రణ ప్రారంభించి, విరామంలో కూడా ఆపకుండా కొనసాగించాలి. ఆపినవారు మళ్లీ ప్రారంభించడం మరచిపోవడం తరచుగా జరుగుతుంది. ప్రేక్షకుల కోసం ధ్వనిని దిద్దే వ్యక్తి వేరు, ముద్రణను కనిపెట్టి ఉండే వ్యక్తి వేరుగా ఉండాలి. రెండవ వ్యక్తి రికార్డర్‌లోని కాలసూచి కదులుతున్నదో లేదో, ప్రతి ట్రాకు స్థాయి సూచిక ఆడుతున్నదో లేదో గమనిస్తూ, అప్పుడప్పుడు రికార్డర్ నుంచే ఇయర్‌ఫోన్లతో వినాలి. ఆరంభంలో తేదీ, స్థలం, కళాకారుల పేర్లు ఒక మైకులో చెప్పించాలి. నూరేళ్ల కిందట గౌహర్ జాన్ చేసిన ప్రకటన ఈనాటికీ పనికివచ్చే అలవాటే.

ముద్రణ తరువాతి బాధ్యత

కార్యక్రమం ముగిసినంత మాత్రాన పని ముగియదు. ఆ రాత్రే దస్త్రాలను మరొక చోటికి నకలు తీసి, పరిమాణాలు సరిపోయాయో లేదో పోల్చి, మొదట, మధ్య, చివర విని చూడాలి. అంతవరకు కార్డును తుడిచివేయరాదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒకటి వేరే ఊరిలో అన్నది ప్రపంచమంతటా పాటించే సూత్రం. ఇంటికి వరద వచ్చినా, డిస్కు చెడినా మూడవ ప్రతి మిగులుతుంది. ట్రాకుల వెంట వివర పత్రం కూడా ఉండాలి. ఏ ట్రాకులో ఏ వాద్యం, పాడినది ఏ గోత్రం కథ, ఏది కోయ భాషలో, ఏది తెలుగులో అన్నవి రాసి ఉంచకపోతే యాభై ఏళ్ల తరువాత వినేవారికి అది అర్థం లేని ధ్వనిగా మిగులుతుంది.

ముద్రించిన యంత్రం ఎవరిదైనా పాట మాత్రం పాడినవారిదే. 1957 నాటి భారత కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ద్వారా ప్రదర్శకుని హక్కు గుర్తింపు పొందింది. నేడు ఆ హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 50 సంవత్సరాలు ఉంటుంది. కళాకారుల అనుమతి లేకుండా ముద్రించడం, అమ్ముకోవడం తగవు. ఇలవేల్పుల కథలు కొన్ని ఆరాధనలో భాగం. వాటిని ఎవరు వినవచ్చునో, ఎక్కడ వినిపించవచ్చునో నిర్ణయించవలసినవారు ఆ సమాజంవారే. ముద్రలో ఒక ప్రతిని వారికి అందజేయడం కనీస ధర్మం.

ట్రాకులు విడిగా ఉండడం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడే స్పష్టమవుతుంది. డోలు నేర్చుకోదలచిన యువకుడు డోలు ట్రాకునొక్కదానినే ముందుకు తెచ్చుకొని దెబ్బల వరుసను వినవచ్చు. భాషా పరిశోధకుడు డోలును తగ్గించి కథకుని మాటలను అక్షరం అక్షరంగా రాసుకోవచ్చు. సామాన్య శ్రోత అన్నీ కలిపి కథను ఆస్వాదించవచ్చు. అన్నీ కలిసిపోయిన ముద్ర నుంచి ఇన్ని ఉపయోగాలు ఇంత తేటగా రావు.

గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్యకు ఏ యంత్రమూ సాటిరాదు. కథకుడు శ్రోతల ముఖాలు చూసి కథను పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆ నేర్పు యంత్రానికి లేదు. కాని శిష్యుడు రావడానికి ఆలస్యమైతే అంతదాకా విద్యను కాపాడి ఉంచే పని యంత్రం చేయగలదు. నేటి విద్యార్థులు తమ ఊరిలో ఎవరు ఏ కథ పాడతారో, ఏ వాద్యం వాయిస్తారో ముందుగా ఒక పట్టిక రాసుకోవడంతో ఈ కృషిని ప్రారంభించవచ్చు. మిక్సర్‌ను అద్దెకు తెచ్చుకోవచ్చు, కార్డును కొనుక్కోవచ్చు. కథ తెలిసిన మనిషిని మాత్రం తిరిగి తెచ్చుకోలేము.

అర్థాలు

పరగణా = కొన్ని గ్రామాల సముదాయం
ఆద్యుడు = మొదటివాడు
పడిగె = ఇలవేల్పుల కథలను చిత్రించిన గుడ్డ
గట్టు = కోయ సమాజంలో కొన్ని గోత్రాల కూటమి
వంత = ప్రధాన గాయకునికి తోడుగా పాడడం
సమన్వయం = పొందిక, కూర్పు
దస్త్రం = కంప్యూటరులో సమాచారాన్ని నిల్వచేసే భాగం, ఫైలు
నిడివి = పొడవు, కాలపరిమాణం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. డోలీలు ఎవరు? వారు ఏమి గానం చేస్తారు?
2. గెయిన్ అంటే ఏమిటి?
3. గౌహర్ జాన్ పాట చివర తన పేరును ఎందుకు ప్రకటించేది?
4. పది ట్రాకుల ముద్రణకు సెకనుకు ఎన్ని బైట్లు అవసరం?

ఆ) సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.
1. "ఏ ఒక్క మార్గాన్నీ పూర్తిగా నమ్మరాదు."
2. "ముద్రించిన యంత్రం ఎవరిదైనా పాట మాత్రం పాడినవారిదే."

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ధ్వనిముద్రణ కోసం సంకేతాన్ని ఫేడర్‌కు ముందే ఎందుకు గ్రహించాలి? వివరించండి.
2. వేదికపై జరిగే ప్రదర్శనను లోపం లేకుండా ముద్రించడానికి తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.
3. మౌఖిక కళలను భద్రపరచడంలో పలు ట్రాకుల పద్ధతి ఏ విధంగా ఉపకరిస్తుంది?